పెద్దవాళ్ళకు ఎదుటి మనిషి ముఖం మసకబారుతోందా? ఏఎండీని ఇలా గుర్తుపట్టండి, ఇలా ఎదుర్కోండి

అరవై దాటిన మనిషి "కళ్ళు సరిగా ఆనట్లేదు" అంటే మన ఇళ్ళల్లో వెంటనే వచ్చే మాటలు రెండు: "శుక్లం అయ్యుంటుంది", "వయసు మీద పడింది కదా". చాలాసార్లు మొదటి మాట నిజమే. కానీ శుక్లం కాని జబ్బు ఒకటుంది. దాన్ని శుక్లమనుకుని పండగ వెళ్ళాక చూద్దాం, ఎండలు తగ్గాక చూద్దాం అని ఆగితే, ఆ లోపు పోయిన చూపు మళ్ళీ రాకపోవచ్చు. వయసుతోపాటు రెటీనా నడిమి భాగం దెబ్బతినే ఈ జబ్బును డాక్టర్లు ఏఎండీ అంటారు. మీ ఫైలు మీద కూడా అదే రాస్తారు.

దీనికి కావలసిన పరీక్షలు, మందులు, చూపు తగ్గాక నేర్పే శిక్షణ అన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. కాబట్టి మన చేతిలో ఉన్న పని తొందరగా గుర్తుపట్టడం, మొదలుపెట్టిన వైద్యం మధ్యలో మానకపోవడం. ఇంట్లో పెద్దవాళ్ళున్న ప్రతి ఒక్కరూ వరసగా ఏం చేయాలో కింద రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి

కంటి వెనక లోపలివైపు రెటీనా అనే పలుచని పొర పరుచుకుని ఉంటుంది. దాని నడుమ అయిదారు మిల్లీమీటర్ల మేర ఉండే చోటు పేరు మాక్యులా. పేపర్ చదవడం, సూదిలో దారం ఎక్కించడం, వచ్చే బస్సు నంబరు చూడటం, ఎదురుగా నవ్వుతున్నది ఎవరో పోల్చుకోవడం అంతా ఆ చిన్న చోటు పనే. వయసు పెరిగేకొద్దీ కొందరిలో రెటీనా అడుగున డ్రూసెన్ అనే పసుప్పచ్చని మడ్డి పేరుకుంటుంది. మెల్లగా పైనున్న కణాలు చచ్చిపోతాయి. ఇది డ్రై రకం. వందమందిలో 85 నుంచి 90 మందికి ఉండేది ఇదే, నడక కూడా నెమ్మది, ఏళ్ళు పడుతుంది.

మిగిలినవాళ్ళకు వచ్చేది వెట్ రకం. రెటీనా కింద పుట్టకూడని రక్తనాళాలు పుట్టి నీరు, రక్తం కారుస్తాయి. గోడ లోపల పైపు కారితే పైన పెచ్చు ఉబ్బినట్టు రెటీనా అక్కడ ఉబ్బుతుంది. అందుకే తిన్నని గీతలు వంకరగా కనిపిస్తాయి. రోజుల్లో, వారాల్లో చూపును తినేసేది ఈ రకమే. ఇంజెక్షన్లతో అదుపులో పెట్టగలిగేది కూడా ఈ రకమే. డ్రై ఉన్న కన్ను ఎప్పుడైనా వెట్‌గా మారవచ్చు, అందుకే డ్రై అని తేలినవాళ్ళు కూడా నిశ్చింతగా ఉండకూడదు.

ఒక భయం మాత్రం ఇప్పుడే వదిలేయండి. ఏఎండీ వల్ల లోకం పూర్తిగా చీకటైపోదు. నడుమ మసకబారినా పక్కచూపు మిగులుతుంది. ఇంట్లో తిరగడం, స్నానం, భోజనం, గుడికి వెళ్ళిరావడం సాధారణంగా సాగుతాయి. డాక్టరు జబ్బు పేరు చెప్పిన రోజే "ఇక గుడ్డితనమే" అని మంచం పట్టేవాళ్ళున్నారు. వాళ్ళకు ముందు చెప్పాల్సిన మాట ఇది.

ఎవరికి ఎక్కువగా వస్తుంది? వయసు మొదటి కారణం. పొగ తాగడం రెండోది, మన చేతిలో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది. సిగరెట్టే కాదు, బీడీ, చుట్ట కూడా. అమ్మకో నాన్నకో, తోబుట్టువులకో ఉంటే మనకు వచ్చే అవకాశం పెరుగుతుంది. బీపీ, ఊబకాయం కూడా తోడవుతాయి. ఫోన్ చూడటం వల్లో, టీవీ దగ్గరగా కూర్చోవడం వల్లో, ఎక్కువ చదవడం వల్లో ఇది రాదు, ముదరదు. ఆ పేరుతో పెద్దవాళ్ళ చేతిలో పేపర్ లాక్కోకండి.

మొదటి పని: రెండు కళ్ళనూ విడివిడిగా పరీక్షించండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే దీన్ని పెట్టుకోండి. రెండు కళ్ళూ తెరిచి చూస్తున్నప్పుడు బాగున్న కన్ను చెడ్డ కంటి లోపాన్ని కప్పేస్తుంది. ఒక కంట్లో సగం చూపు పోయినా మనిషికి తెలియకుండా నెలలు గడిచిపోతాయి.

మా అత్తమ్మ సంగతే చెప్తాను. "నాకేమైంది, మంచిగనే కనిపిస్తుంది" అంటూ వచ్చింది. ఓ ఆదివారం వరండాలో కూర్చోబెట్టి, ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని ఎదురుగా ఉన్న గ్రిల్ చూడమన్నాం. "సక్కగున్నది" అంది. చెయ్యి మార్చి కుడి కన్ను మూసుకోగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గీ నడుమ చువ్వ ఎప్పుడు వంగింది?" అని అడిగింది. చువ్వ వంగలేదు. ఆ వారంలోనే రెటీనా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం.

పరీక్షకు ఆమ్‌స్లర్ గ్రిడ్ అనే గళ్ళ కాగితం వాడతారు. స్విట్జర్లాండ్ కంటి వైద్యుడు మార్క్ ఆమ్‌స్లర్ పేరు మీద వచ్చింది. కంటి ఆస్పత్రిలో అడగండి, లేదా ఇంట్లోనే గీసుకోండి. 10 సెంటీమీటర్ల చదరం, లోపల ప్రతి 5 మిల్లీమీటర్లకు అడ్డం, నిలువు గీతలు, నట్టనడుమ ఒక నల్ల చుక్క. పిల్లల గళ్ళ నోటుబుక్కులో పేజీ మీద చుక్క పెట్టినా పని నడుస్తుంది.

చదివే కళ్ళజోడు పెట్టుకోవాలి. మంచి వెలుతురులో కాగితాన్ని 30 సెంటీమీటర్ల దూరంలో, అంటే పుస్తకం పట్టుకునే దూరంలో ఉంచాలి. ఒక కన్ను నొక్కకుండా అరచేత్తో కప్పి, రెండో కంటితో నడుమ చుక్కనే చూడాలి. చుక్క మీంచి చూపు తిప్పకుండానే చుట్టూ గీతలు ఎలా ఉన్నాయో గమనించాలి. ఎక్కడైనా గీత అల్లాడినట్టుందా, వంగిందా, తెగిందా? గళ్ళు మాయమయ్యాయా, మసకగా మరకలా ఉందా? అంతా సరిగా ఉంటే చెయ్యి మార్చి రెండో కన్ను.

వారానికి ఒక రోజు పెట్టుకోండి. డాక్టరు ఇప్పటికే ఏఎండీ అని చెప్పి ఉంటే రోజూ చూసుకోవడం మంచిది. కాగితాన్ని ఎప్పుడూ ఒకే చోట, గోడ క్యాలెండర్ పక్కన కంటి ఎత్తులో అంటించండి. చూసిన రోజు తేదీ మీద టిక్కు పెట్టండి. తేడా కనిపిస్తే అది ఏ మూల ఉందో పెన్సిల్‌తో ఆ కాగితం మీదే గుర్తు పెట్టి, దాన్ని డాక్టరుకు చూపించండి. చదువురాని పెద్దవాళ్ళయితే కిటికీ చువ్వలు, బాత్రూం టైల్స్ సందులు, తలుపు అంచు చాలు.

కాగితం కాకుండా రోజువారీ పనుల్లో తెలిసే గుర్తులు కూడా ఉన్నాయి. బియ్యంలో రాళ్ళు ఏరడం హఠాత్తుగా కష్టమవడం. ఎండలోంచి ఇంట్లోకి వచ్చాక కళ్ళు సర్దుకోవడానికి మునుపటికంటే ఎక్కువసేపు పట్టడం. ట్యూబ్‌లైట్ వెలుగు చాలక కిటికీ దగ్గరికి జరిగి చదవడం. పెళ్ళిలో దగ్గరి చుట్టాన్ని గొంతు విన్నాక గానీ పోల్చుకోలేకపోవడం. అది చూసి "పలకరించలేదు, పొగరు" అనుకునేవాళ్ళూ ఉంటారు.

రెండో పని: గీత వంగిందంటే ఆగకండి

కొత్తగా గీతలు వంకర పోవడం, నడుమ నల్ల మరక రావడం, ఒక కంట్లో చూపు ఉన్నట్టుండి తగ్గడం. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆస్పత్రికి ఫోన్ చేసి, దొరికిన మొదటి అపాయింట్‌మెంట్ తీసుకోండి. వెట్ రకంలో వైద్యం ఎంత తొందరగా మొదలైతే అంత చూపు నిలుస్తుంది. అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడు "చూపు తగ్గింది" అని కాకుండా "గీతలు వంకరగా కనిపిస్తున్నాయి, ఫలానా రోజు నుంచి, ఫలానా కంట్లో" అని చెప్పండి. మామూలు కంటి పరీక్ష కాదు, రెటీనా డాక్టరు చూడాలని అడగండి. నొప్పి లేదు కదా అని ధీమా వద్దు. ఈ జబ్బు నొప్పి లేకుండానే చూపు తీస్తుంది.

కళ్ళజోళ్ళ షాపులో చేసే కంప్యూటర్ పరీక్షతో ఇది తేలదు. అక్కడ అద్దాల నంబరే తెలుస్తుంది. నంబరు మార్చినా చూపు బాగుపడకపోతే మూడో జోడు చేయించకుండా రెటీనా చూపించండి.

మూడో పని: ఆస్పత్రికి వెళ్ళే రోజు

బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి మన రాష్ట్రాల్లో అందరికీ తెలిసిందే. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించారు. డబ్బు కట్టలేనివాళ్ళకు ఉచిత సేవ ఉంది, రెటీనా విభాగంతోపాటు చూపు తగ్గినవాళ్ళకు శిక్షణ ఇచ్చే విభాగమూ ఉంది. ప్రభుత్వ వైద్యం కావాలంటే మెహిదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆస్పత్రి. ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధ ఆస్పత్రి అది. సికింద్రాబాద్ వైపువాళ్ళకు మారేడ్‌పల్లిలో పుష్పగిరి రెటీనా ఆస్పత్రి ఉంది. ఎక్కడికి వెళ్ళినా అక్కడ రెటీనాను పొరలుగా స్కాన్ చేసే ఓసీటీ యంత్రం, పూర్తికాలం పనిచేసే రెటీనా డాక్టరు ఉన్నారో లేదో ముందు ఫోన్‌లో కనుక్కోండి.

పాత ఫైళ్ళు, వాడుతున్న కళ్ళజోళ్ళన్నీ, రోజూ వేసుకునే మందుల చీటీ, ఆధార్, ఇన్సూరెన్స్ కార్డు పట్టుకెళ్ళండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, ఈమధ్య గుండెపోటో పక్షవాతమో వచ్చినా మొదట్లోనే చెప్పాలి. తోడుగా ఒకరు తప్పనిసరి. కనుపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తారు, తర్వాత కొన్ని గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, వెలుతురు పొడిచేస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో బయటికొస్తే నల్ల కళ్ళద్దాలు లేకుండా ఆటో దాకా నడవడం కూడా కష్టం. ఆ రోజు బండి నడపకూడదు. షుగర్ ఉన్నవాళ్ళు టిఫిన్ చేసి, మధ్యాహ్నం మాత్ర, తినడానికి ఏదైనా వెంట తీసుకెళ్ళండి. పెద్ద ఆస్పత్రుల్లో పూట గడిచిపోతుంది.

ఓసీటీకి భయపడాల్సిందేమీ లేదు. గడ్డం ఒక స్టాండు మీద ఆనించి లోపల కనిపించే గుర్తు వైపు కదలకుండా చూడాలి. కంటికి ఏదీ తగలదు, నిమిషాల్లో అయిపోతుంది. రెటీనాను పొరపొరలుగా కోసి చూపించినట్టు బొమ్మ వస్తుంది, కింద నీరు చేరిందా లేదా అందులో తెలుస్తుంది. కొందరికి చేతి నరంలోకి రంగు మందు ఎక్కించి ఫొటోలు తీస్తారు. ఆ రోజు ఒళ్ళు, మూత్రం పచ్చగా మారితే కామెర్లని కంగారుపడకండి, మరుసటి రోజుకల్లా దాదాపు మామూలవుతుంది. మందులు పడని అలవాటు ఉంటే ముందే చెప్పండి.

డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఈ ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకోండి. ఏ కంట్లో ఏ రకం? డ్రై అయితే ఏ దశ? మళ్ళీ ఎప్పుడు రావాలి? శుక్లం కూడా ఉందా, ఆపరేషన్ చేస్తే ఎంత మేరకు లాభం? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. రెండు జబ్బులూ ఒకే కంట్లో ఉండటం మామూలే. శుక్లం తీస్తే వెలుతురు, రంగులు మెరుగవుతాయి కానీ మాక్యులా పోగొట్టుకున్న చూపు తిరిగిరాదు. ఈ సంగతి ముందే తెలియక "ఆపరేషన్ పాడు చేశారు" అని బాధపడే కుటుంబాలున్నాయి. మాక్యులా దెబ్బతిన్న కంటికి దూరం, దగ్గర రెండూ కనిపించడానికి వేసే ఖరీదైన మల్టీఫోకల్ లెన్స్ సాధారణంగా సరిపడదు. అలాంటిది వేస్తామంటే రెటీనా డాక్టరును అడిగాకే ఒప్పుకోండి.

డ్రై రకం అని తేలితే

మొదట పొగ మానాలి. ఎంత వయసులో మానినా లాభమే. బీపీ అదుపులో పెట్టుకోండి, రోజూ నడవండి.

తిండి సంగతికొస్తే, మాక్యులాలో సహజంగా ఉండే లూటీన్, జియాజాంథిన్ అనే పసుపు పదార్థాలు మనకు ఎక్కువగా ఆకుకూరల్లోంచి వస్తాయి. పాలకూర, తోటకూర, మునగాకు, బచ్చలి, మెంతికూర. మెహిదీపట్నం, ఎర్రగడ్డ రైతుబజార్లలో రోజూ తాజాగా దొరికేవే. అవి కొవ్వులో కరిగే పదార్థాలు కనుక పప్పులో ఒక చెంచా నూనెతో తాలింపు ఉంటే ఒంటికి బాగా పడతాయి. గుడ్డు పచ్చసొన, మొక్కజొన్న కూడా మంచివి. చేప తినేవాళ్ళు వారానికి రెండుసార్లు వేపుడు కాకుండా పులుసుగా తినండి. క్యారెట్ మంచిదే, కానీ ఈ జబ్బుకు అది మందు కాదు. రక్తం పలచబడటానికి వార్‌ఫరిన్ అనే మందు వాడేవాళ్ళు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, ముందు మందు రాసిన డాక్టరును అడగాలి.

కంటికి రాసే విటమిన్ మాత్రల విషయంలో కొంచెం ఓపిగ్గా చదవండి, ఇక్కడ డబ్బు చాలా వృథా అవుతుంది. అమెరికాలో జరిగిన అరెడ్స్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2001లో, రెండో అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. రెండోదాని తర్వాత వాడుకలోకి వచ్చిన రోజువారీ మోతాదు ఇది: విటమిన్ సి 500 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 యూనిట్లు, లూటీన్ 10 మిల్లీగ్రాములు, జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు, జింక్ 80 మిల్లీగ్రాములు, కాపర్ 2 మిల్లీగ్రాములు. మధ్య దశలో ఉన్నవాళ్ళకు, లేదా ఒక కంట్లో ముదిరి రెండో కన్ను మిగిలినవాళ్ళకు, జబ్బు ముదిరే ప్రమాదం అయిదేళ్ళలో సుమారు 25 శాతం తగ్గింది. తొలి దశలో ఉన్నవాళ్ళకు, అసలు జబ్బే లేనివాళ్ళకు లాభం కనిపించలేదు. కాబట్టి అమ్మకు రాశారని మీరు కూడా మొదలుపెట్టకండి. పోయిన చూపును ఇవి తిరిగి తేవు.

మెడికల్ షాపులో కంటి విటమిన్ అని ఇచ్చేవాటిలో చాలావాటికి ఈ మోతాదు ఉండదు. డబ్బా వెనక లూటీన్, జింక్ అంకెలు చదివి చూడండి. పొగ తాగేవాళ్ళు, ఒకప్పుడు తాగి మానేసినవాళ్ళు, మొదటి అధ్యయనం మాత్రలో ఉన్న బీటా కెరోటిన్ కలిసిన మాత్ర తీసుకోకూడదు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం పెరుగుతుందని తేలింది. రెండో అధ్యయనంలో దాని స్థానంలో లూటీన్ చేర్చి చూసింది అందుకే.

డ్రై రకంలో చివరి దశను జియోగ్రాఫిక్ ఎట్రఫీ అంటారు. దానికి పెగ్‌సెటాకోప్లాన్, అవాసిన్‌కాప్టాడ్ అనే రెండు ఇంజెక్షన్లకు 2023లో అమెరికాలో ఆమోదం వచ్చింది. అవి జబ్బు నడకను తగ్గిస్తాయి కానీ చూపు పెంచవు. కంటి వ్యాయామాలతో నయం చేస్తామని, మూలకణాలతో చూపు తెప్పిస్తామని డబ్బు కట్టించుకునేవాళ్ళ జోలికి వెళ్ళకండి. తేనె, ఉల్లిరసం లాంటివి కంట్లో వేయకండి.

వెట్ రకం అని తేలితే

కంటి లోపలికి ఇంజెక్షన్ అనగానే పెద్దవాళ్ళు సగం మంది వద్దంటారు. ఏం జరుగుతుందో ముందే చెప్తే చాలావరకు ఒప్పుకుంటారు. మొద్దుబారే చుక్కలు వేస్తారు. కన్ను చుట్టూ, లోపల అయోడిన్ మందుతో శుభ్రం చేస్తారు. రెప్ప మూసుకోకుండా చిన్న క్లిప్పు పెడతారు. నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల దూరంలో తెల్లగుడ్డులోంచి సన్నటి సూదితో మందు వేస్తారు. సూది వైపు చూడాల్సిన అవసరమే ఉండదు, వేరే దిక్కు చూడమంటారు. ఒక్క క్షణం నొక్కినట్టు తెలుస్తుంది. ఆ తర్వాత రోజంతా ఉండే మంట ఎక్కువగా అయోడిన్‌దే.

కొత్త రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని ఈ మందులు అడ్డుకుంటాయి. మామూలుగా మొదట నెలకొకటి చొప్పున మూడు, తర్వాత ఓసీటీ చూసి గడువు మెల్లగా పెంచుతారు. మందుల పేర్లు వినిపిస్తాయి: బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబర్‌సెప్ట్, ఫారిసిమాబ్. చివరిది కొందరిలో నాలుగు నెలల దాకా ఆగనిస్తుంది. బెవాసిజుమాబ్ అసలు క్యాన్సర్ మందు, కంటికి చిన్న మోతాదులుగా విడదీసి వాడతారు, ధర మిగతావాటికంటే ఎంతో తక్కువ. 2011లో వచ్చిన క్యాట్ అధ్యయనంలో చూపు విషయంలో అది రానిబిజుమాబ్‌తో సమానంగా నిలిచింది. రానిబిజుమాబ్‌కు మన దేశంలోనే తయారైన చవక రకం 2015 నుంచి ఉంది.

ఖర్చు గురించి నా మాట గట్టిగానే చెప్తాను. ఖరీదైన మందు రెండుసార్లు వేయించి డబ్బుల్లేక ఆపేయడం కంటే, మీ స్తోమతకు తగిన మందును డాక్టరు చెప్పినన్నిసార్లు వేయించడం మేలు. మొదటి రోజే "ఏడాదికి ఎన్ని పట్టొచ్చు, ఒక్కోదానికి ఎంత" అని సిగ్గుపడకుండా అడగండి. బెవాసిజుమాబ్ అయితే మోతాదులు ఎక్కడ, ఎంత శుభ్రంగా విడదీస్తారో కూడా అడగండి, అది అడగదగ్గ ప్రశ్నే.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. "ఆస్పత్రిలో 24 గంటలు ఉండలేదు" అని క్లెయిమ్ తోసిపుచ్చడం తరచూ జరుగుతుంది. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, పాలసీలు పక్కన పెట్టకూడని ఆధునిక చికిత్సల జాబితాలో కంటి లోపలి ఇంజెక్షన్లు ఉన్నాయి. కంపెనీలు పరిమితి పెట్టుకోవచ్చు, అది మీ పాలసీలో చదవండి. తోసిపుచ్చితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, 30 రోజుల్లో తేలకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కార్యాలయానికి (లకడీకాపూల్‌లో ఉంది) వెళ్ళండి. అక్కడ ఫీజు లేదు.

ఇంజెక్షన్ తర్వాత కన్ను నలపకండి, డాక్టరు చెప్పినన్ని రోజులు తలస్నానం ఆపండి. తెల్లగుడ్డు మీద ఎర్రటి మరక, ఒకటి రెండు రోజులు నల్లటి బుడగలు తేలడం మామూలే. కానీ మొదటి వారంలో నొప్పి రోజురోజుకూ పెరిగినా, ఎర్రదనం ఎక్కువైనా, వెలుతురు చూడలేకపోయినా, చూపు తగ్గినా అది లోపల ఇన్ఫెక్షన్ కావచ్చు. వేల ఇంజెక్షన్లలో ఎప్పుడో ఒకటి. అయినా ఆ రోజే, అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్ళాలి.

"ఇప్పుడు బాగానే కనిపిస్తోంది, ఈ నెల వద్దులే" అనే మాట దగ్గర చాలామంది చూపు పోగొట్టుకుంటారు. బాగా కనిపిస్తున్నది మందు పనిచేస్తున్నందుకే. తర్వాతి తేదీ పెద్దవాళ్ళ ఫోన్‌లోనే కాదు, మీ ఫోన్‌లో కూడా పెట్టుకోండి. ఆ రోజు ఎవరు తీసుకెళ్ళాలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ముందే అనుకోండి.

తగ్గిన చూపుతో ఇంట్లో బతకడం

ఇంటిని మార్చడానికి పెద్ద ఖర్చేమీ లేదు. తెల్ల ప్లేటులో పెరుగన్నం పెడితే చూపు తగ్గినవాళ్ళకు ఏదీ ఆనదు. ముదురు రంగు కంచం పెట్టండి. పాలు పోసే గ్లాసు ముదురు రంగు, టీ కప్పు తెలుపు. మెట్ల అంచుకు పసుపు టేపు, స్విచ్‌బోర్డు చుట్టూ రంగు టేపు. గదంతా వెలిగే లైటు కంటే, చదివే చోట భుజం వెనకనుంచి కాగితం మీద పడే దీపం ఎక్కువ పనికొస్తుంది. గ్యాస్ స్టవ్ నాబ్ ఆపేసిన స్థానంలో ఎక్కడుంటుందో వేలికి తగిలేలా ఒక బొడిపె అంటించండి. పొద్దుటి మందు సీసాకు ఒక రబ్బరు బ్యాండు, రాత్రిదానికి రెండు.

నోట్ల విషయంలో, 500 నోటు పక్క అంచుల దగ్గర వేలికి తగిలే అయిదు ఉబ్బెత్తు గీతలుంటాయి. 200కి నాలుగు గీతలు, మధ్యలో రెండు సున్నాలు. 100కి నాలుగు గీతలు. పాతబడిన నోట్ల మీద అవి అరిగిపోతాయి కనుక రిజర్వ్ బ్యాంకు తెచ్చిన మణి యాప్ కూడా ఫోన్‌లో వేసిపెట్టండి, కెమెరా ముందు నోటు పెడితే విలువ చెప్తుంది. ఫోన్‌లో అక్షరాల సైజు పెంచండి, నలుపు మీద తెలుపు అక్షరాలు పెట్టండి, తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌ను తెలుగులో మాట్లాడించండి.

పక్కచూపుతో చూడటం నేర్పిస్తారని చాలామందికి తెలియదు. ఎదుటి ముఖాన్ని సూటిగా చూస్తే మాయమవుతుంది, కాస్త చెవి వైపో నుదుటి వైపో చూస్తే ముఖం పక్కనుంచి తెలుస్తుంది. ఏ వైపు చూస్తే బాగా తెలుస్తుందో ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది, అది కనిపెట్టి అలవాటు చేసుకోవాలి. చూపు తగ్గినవాళ్ళకు శిక్షణ ఇచ్చే లో విజన్ విభాగంలో దీన్ని నేర్పుతారు. ఏ శక్తి భూతద్దం సరిపోతుందో కూడా అక్కడే పరీక్షించి ఇస్తారు. ఆన్‌లైన్‌లో తోచింది కొని మూల పడేయడం కంటే అది నయం. బండి నడిపేవాళ్ళు డాక్టరు సరే అనేదాకా ఆపాలి.

లేనివి కనిపిస్తున్నాయంటే

దీని గురించి కుటుంబాలకు ఎవరూ ముందుగా చెప్పరు, చెప్పాలి. చూపు బాగా తగ్గినవాళ్ళలో కొందరికి లేని దృశ్యాలు కనిపిస్తాయి. రంగురంగుల పూల నమూనాలు, చిన్నచిన్న మనుషులు, జంతువులు. కంటినుంచి రావలసిన సమాచారం తగ్గినప్పుడు మెదడు తనంతట తానే బొమ్మలు కల్పిస్తుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన చార్లెస్ బోనే 1760లో తన తాతగారి అనుభవాన్ని రాశాడు, ఆయన పేరు మీదే దీన్ని చార్లెస్ బోనే సిండ్రోమ్ అంటారు. ఇది పిచ్చి కాదు, మతిమరుపు జబ్బు కాదు.

మా అత్తమ్మకు వరండా మూలన ఎర్ర గౌన్లు వేసుకున్న పిల్లలు కనిపించేవాళ్ళట. మాట్లాడరు, కదలరు, కాసేపుండి పోతారు. వారాల తరబడి మాకు చెప్పలేదు. ఎందుకని అడిగితే, "గాలి సోకిందంటరు, దర్గాకు తోల్కపోతరు అనుకున్న" అంది. డాక్టరు ఇది చూపు జబ్బులో భాగమేనని చెప్పాక ఆమె ముఖంలో వచ్చిన తేట నేను మరిచిపోలేను. మీ ఇంట్లో పెద్దవాళ్ళను మీరే మెల్లగా అడగండి: "అమ్మా, ఏమైనా లేనివి కనిపిస్తున్నాయా? చాలామందికి అట్లా అవుతుందట." కనిపించినప్పుడు లైటు వేయడం, కళ్ళు అటూ ఇటూ తిప్పడం, రెప్పలు కొట్టడం, లేచి చోటు మారడం చేస్తే చాలాసార్లు పోతాయి. కనిపించేవి మాట్లాడుతున్నా, అవి నిజమని నమ్మి భయపడుతున్నా, కొత్తగా మతిమరుపు తోడైనా అది వేరే సంగతి కావచ్చు, ఫిజీషియన్‌కు చూపించాలి.

చూపు తగ్గినవాళ్ళు నలుగురిలోకి రావడం మానేస్తారు. ఎవరినైనా పలకరించకపోతే తప్పనుకుంటారేమోనని. దగ్గరికి వెళ్ళేటప్పుడు పేరు చెప్పి పలకరించండి: "పెద్దమ్మా, నేను ఫలానా." ఇంటికి వచ్చేవాళ్ళకు కూడా అలా చేయమని చెప్పండి. దిగులు వారాల తరబడి వదలకపోతే దానికీ వైద్యం ఉంది.

రెండు కళ్ళలోనూ చూపు బాగా తగ్గితే వికలాంగుల గుర్తింపు కార్డయిన యూడీఐడీకి స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టండి. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించితే ప్రభుత్వ ప్రయోజనాలకు, ఆదాయపు పన్ను మినహాయింపుకు ఆ ధ్రువపత్రం అడుగుతారు. కళ్ళజోడు పెట్టుకున్నాక ఉన్న చూపునే లెక్కిస్తారు కాబట్టి పరీక్షకు జోడు తీసుకెళ్ళండి.

చివరి పని మీది, పెద్దవాళ్ళది కాదు. ఇంట్లో ఒకరికి ఏఎండీ అని తేలితే వాళ్ళ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, యాభై దాటిన పిల్లలు అందరూ ఒకసారి కనుపాప పెద్దది చేయించుకుని రెటీనా చూపించుకోవాలి. ఊళ్ళో ఉండే మేనమామలు, చిన్నమ్మలు పెళ్ళికో ఆస్పత్రి పనికో హైదరాబాద్ వచ్చినప్పుడు ఒక రోజు ఎక్కువ ఉంచుకుని, అపాయింట్‌మెంట్ ముందే తీసిపెట్టి చూపించి పంపండి. వెళ్ళేటప్పుడు సంచిలో ఒక గళ్ళ కాగితం పెట్టి, ఎట్లా చూడాలో ఒక్కసారి పక్కన కూర్చుని చేయించండి.